నిలిచిన నీటి చిత్రము

సూరతు మహానగరపు దక్షిణభాగమున ఉధనా, పాండేసరా పారిశ్రామికవాడలకు పొరుగున నున్న బమ్రోలి ఒకప్పుడు పల్లె. తన పొలములను మరమగ్గముల షెడ్డులకును, రంగుల మిల్లులలో పనిచేయువారి ఇరుకు గదులకును అప్పగించి, అది క్రమముగ నగరములో కలిసిపోయినది. ఆ వీధులలో గుజరాతీతో పాటు హిందీ, ఒడియా, మరాఠీ, భోజపురి వినబడును. చెవి యొగ్గినవారికి వాటి నడుమ కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ యాసల తెలుగును వినబడును. సూరతు తెలుగువారు దట్టముగ నివసించునది లింబాయతు ప్రాంతమే యైనను, సాంచె (మరమగ్గము) ఉన్న చోటికి నేతపనివాడగు పద్మశాలి పోవును గనుక ఈ చుట్టుపట్ల వాడలలోను వారు స్థిరపడిరి. గుజరాతు నేలపై ఒక నగరపాలకసంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచున్నదనిన, ఆ జనసంఖ్య ఎంతటిదో పాఠకులే ఊహింపగలరు.

అట్టి వాడలో పండ్రెండు గంటల షిఫ్టు ముగించి వచ్చిన ఒక కార్మికుని కన్నులు పచ్చబడినవని భావింతము. ఇరుగుపొరుగువారు కామెర్లని నిర్ణయించుటకు క్షణము పట్టదు. చికిత్స నిర్ణయించుటకును అంతకంటె ఎక్కువ పట్టదు. ఒకరు నేలయుసిరి పసరు త్రాగుమందురు, ఒకరు ముంజేతిపై వాత పెట్టించుకొమ్మందురు, మరియొకరు నూనె, కారము మానుమని పథ్యము చెప్పుదురు. ఫోనులో తల్లి “ముందుగాల బండెక్కి ఇంటికి రా బిడ్డా” అనును. సూరతు మీదుగా వరంగల్లునకు పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు ఎందరు రోగులను ఆ విధముగ స్వస్థలములకు చేర్చినదో లెక్క వ్రాసినవారు లేరు. రోగమనగనే ఊరు విడుచుట ఈ నగరపు వలసజీవులకు పాత అలవాటే. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పుట్టినపుడు లక్షలాది జనులు రైళ్లకును బస్సులకును ఎగబడి వెడలిపోయిన ఉదంతమును పెద్దవారు ఇప్పటికిని చెప్పుకొందురు.

పసరునకు అంత పేరు వచ్చుటకు కారణము లేకపోలేదు. కలుషితమైన నీటి మూలమున సోకు హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ అను వైరసుల వలన వచ్చు కామెర్లు పెక్కుమందిలో కొన్ని వారములకు తమంత తాము తగ్గిపోవును. ఆ వారములలో రోగి దేనిని త్రాగినను కీర్తి దానికే దక్కును. (గర్భిణులలో హెపటైటిస్ ఇ ప్రాణాపాయకరము కావచ్చుననుట వేరు సంగతి.) కాని కామెర్లలో మరియొక జాతి కలదు. అందు కాలేయము తన పని తాను చేయుచునే యుండును. అది స్రవించిన పిత్తరసము పోవలసిన దారియే మూసికొనిపోవును. దారిలో రాయి అడ్డుపడవచ్చును, కంతి పెరుగవచ్చును, పూర్వమెన్నడో జరిగిన శస్త్రచికిత్స వలన నాళము ముడుచుకొనిపోవచ్చును, ప్రేగులలోని ఏలికపాము పైకి ప్రాకి నాళములో దూరుటయు మన దేశమున కనివిని యెరుగని విషయము కాదు. మలము రంగు కోల్పోయి తెల్లబారుట, మూత్రము ముదురుపచ్చగా మారుట, రాత్రులు నిదుర పట్టనీయని దురద, ఇవి ఆ జాతి గుర్తులు. కామెర్లతో పాటు కుడి డొక్కలో నొప్పియు, వణుకుతో కూడిన జ్వరమును వచ్చెనా, మూతపడిన నాళములో చీము చేరుచున్నదన్నమాట. ఈ మూడు లక్షణముల కూటమిని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లోనే గుర్తించెను. వయసు మళ్లినవారిలో నొప్పి యేమియు లేకుండ వచ్చు కామెర్లు క్లోమమున పెరుగు కంతికి సూచన కావచ్చును. ఈ రెండు జాతులను సకాలమున వేరుపరచుటలోనే వైద్యమంతయు ఉన్నది. పసరు వాటిని వేరుపరచజాలదు.

కాలేయము దినమునకు 600 మొదలు 1000 మిల్లీలీటర్ల వరకు పిత్తరసమును స్రవించును. అందు నూటికి 97 వంతులు నీరే యను మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయమునకు అదియే ఆధారము. కాలేయములోని సన్నని నాళములు ఒకదానితో నొకటి కలసి కుడి యెడమ శాఖలై, ఆ రెండును ఏకమై క్రిందికి దిగును. ప్రక్కనుండి పిత్తాశయపు నాళము వచ్చి చేరిన పిమ్మట, ఆ ప్రవాహము సామాన్య పిత్తనాళమను పేర క్లోమము వెనుకగా సాగి, చాలమందిలో క్లోమనాళముతో కలసి ఆంత్రమూలమున తెరచుకొనును. ఆ ద్వారమును కాచు చిన్న కండరవలయమును 1887లో వర్ణించిన రుగ్గేరో ఒడ్డి అప్పటికి ఇటలీలో వైద్యవిద్యార్థి మాత్రమే. ఈ నాళపు వెడల్పు సాధారణముగ 6 మిల్లీమీటర్లకు మించదు. పిత్తాశయమును తొలగించినవారిలోను, వృద్ధులలోను కొంత అధికముగ నుండును.

ఇంత సన్ననిదియు, ఇంత లోతున నున్నదియు, ఎముకవలె ఎక్స్-రేకు చిక్కనిదియు నైన నాళమును బ్రతికియున్న మనుష్యునిలో చూచుట యెట్లు? 1924లో అమెరికాలో గ్రాహం, కోల్ అను శస్త్రవైద్యులు ఎక్స్-రేను అడ్డగించు రసాయనమును దేహములోనికి పంపి, అది పిత్తములో చేరిన పిమ్మట పిత్తాశయమును చిత్రించిరి. కాని నాళము మూసికొని కామెర్లు ముదిరిన రోగిలో ఆ రసాయనము పిత్తములో చేరదు గనుక, నిజముగ అవసరమైన వేళనే ఆ పద్ధతి ముఖము చాటు చేసెడిది. 1937లో హనోయి నగరమున హ్యువార్, దో సువాన్ హోప్ అనువారు చర్మము మీదుగా కాలేయములోనికి సూది గ్రుచ్చి నాళములలో రసాయనము నింపి చూచిరి. లావు సూది చేసిన రంధ్రమునుండి రక్తమును పిత్తమును కారుటవలన చాలకాలము వైద్యులు దానికి వెనుదీసిరి. 1970ల నడుమ జపానులోని చీబా విశ్వవిద్యాలయమువారి సన్నసూది వచ్చిన తరువాతనే అది నిలద్రొక్కుకొన్నది. ఈలోగా 1968లో వాషింగ్టనున మెక్కూన్, ఆయన సహచరులు నోటిద్వారా ఆంత్రమూలము వరకు గొట్టమును దింపి, ఒడ్డి వర్ణించిన ద్వారములోనికి సన్నని గొట్టమును దూర్చి రసాయనము నెక్కించి ఎక్స్-రే తీయు మార్గమును కనుగొనిరి. నేడు ఇ.ఆర్.సి.పి. యని మన ఆసుపత్రులలో వ్యవహరింపబడునది ఇదియే. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, జపానులో కవాయి ఆ ద్వారమును లోపలినుండియే కొద్దిగ కోసి రాళ్లను వెలికితీయగలిగిరి. నాటినుండి అది చూచు సాధనముగ మాత్రమే గాక చికిత్సా సాధనముగను స్థిరపడెను.

ఇ.ఆర్.సి.పి. గొప్ప విద్య, దానిచేత ప్రాణములు దక్కినవారు లోకమున అసంఖ్యాకులు. అయితే క్లోమపు గుమ్మమును తాకి పోవలసిన పని యగుటచేత, ఆ పిమ్మట నూటికి 3 మొదలు 10 మంది వరకు రోగులలో క్లోమము వాచుననియు, కొందరిలో అది తీవ్రమగుననియు వైద్యగ్రంథములు హెచ్చరించును. తీయవలసిన రాయి ఉన్నప్పుడు ఆ ప్రమాదమునకు సిద్ధపడుట వివేకమే. రాయి ఉన్నదో లేదో చూచివచ్చుటకే అంతటి ప్రమాదమునకు లోనగుట మాత్రము చాలకాలము వైద్యులకును రోగులకును తప్పని దురవస్థగా నుండెను. పిత్తనాళముల అయస్కాంత చిత్రణము, అనగా మన స్కానింగు కేంద్రములలో ఎం.ఆర్.సి.పి. యని పిలువబడునది, తొలగించినది ఆ దురవస్థనే.

1946లో బ్లాక్, పర్సెల్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞులు వేర్వేరుగ పరమాణుకేంద్రకముల అయస్కాంత అనునాదమును ప్రదర్శించిరి. 1952లో వారికి నోబెల్ బహుమానము లభించెను. అనునాదమునుండి చిత్రమును నిర్మింపవచ్చునని 1973లో చూపినవాడు పాల్ లాటర్‌బర్. ఆయన ప్రకటించిన మొదటి చిత్రమున కనబడునవి ఏ అవయవములును గావు, నీటితో నింపిన రెండు సన్నని గాజుగొట్టములు. ఆ తరువాత యంత్రము మెదడును, వెన్నెముకను, మోకాళ్లను చిత్రించుటలో ఎంత ఆరితేరినను, నీరు నిండిన సన్నని గొట్టములను చూచుటయే దాని జన్మవిద్య. ఈ శాస్త్రమునకు గాను లాటర్‌బర్ ఆంగ్లేయుడైన మాన్స్‌ఫీల్డుతో కలసి 2003లో నోబెల్ బహుమానము నందెను.

యంత్రములోని ప్రధానాంగము మహాబలమైన అయస్కాంతము. మన నగరములలో విరివిగ నున్న 1.5 టెస్లా యంత్రపు బలము భూమి అయస్కాంత బలమునకు ఇంచుమించు ముప్పదివేల రెట్లు. ద్రవహీలియములో మైనస్ 269 డిగ్రీల శైత్యమున మునిగియున్న తీగచుట్టలో విద్యుత్తు అడ్డులేక తిరుగుచుండుటచేత ఆ బలము కలుగును. రాత్రి తలుపులు మూసినను అయస్కాంతము ఆగదు. దేహములోని నీటి అణువులందలి హైడ్రోజన్ కేంద్రకములు ఆ బలమునకు లోబడి, సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షల పర్యాయములు తిరుగుచుండును. సరిగ అదే వేగముగల రేడియో తరంగమును ఒక్క క్షణము పంపి ఆపినచో, అవి ఆ శక్తిని గ్రహించి తిరిగి సన్నని సంకేతమును వెలువరించును. ఆ సంకేతము ఎంతసేపు నిలుచుననునది కేంద్రకమున్న పరిసరమును బట్టి యుండును. కాలేయమాంసమునుండి వచ్చు సంకేతము సెకనులో ఇరువదవ వంతు గడచునప్పటికే మూడింట రెండువంతులవరకు క్షీణించును. నాళములలో నిలిచియున్న పిత్తరసపు సంకేతము అంతకు అనేక రెట్లు నిలుచును. మట్టికుండను, గుడిగంటను ఒక్కసారిగ కొట్టి కొంత తాళి చెవియొగ్గినచో వినబడునది గంట ఒక్కటే గదా! ఈ పరీక్షలోని యుక్తి యంతయు ఆ తాళుటయందే యున్నది. సెకనులో ముప్పాతిక వంతు గడచువరకు యంత్రము వేచియుండి అప్పుడు ఆలకించును; అప్పటికి కాలేయము, కండరము, క్రొవ్వు దాదాపు మూగవోయి చీకటియగును; నీరు మాత్రము తెల్లగ వెలుగును. రక్తమును ద్రవమే గదా, అది యేల కనబడదని పాఠకులు అడుగవచ్చును. రక్తము పరుగిడునది; యంత్రము ఆలకించు వేళకు ప్రేరణ పొందిన రక్తము ఆ చోటు విడిచి పోయియుండును. కావుననే నల్లని నేపథ్యముపై పిత్తనాళములు, పిత్తాశయము, క్లోమనాళము మాత్రమే కొమ్మలు రెమ్మలుగ తెల్లగ తేలును. నడుమ రాయి యున్నచో ఆ తెలుపులో నల్లని మచ్చ కనబడును. సూది లేదు, గొట్టము లేదు, ఎక్స్-రే లేదు, రసాయనము లేదు. చూపించునది రోగి దేహములోని నీరే.

ఇట్టి చిత్రములను త్వరగ తీయుటకు తోడ్పడిన పద్ధతి నొకదానిని 1986లో ఫ్రైబర్గు నగరపు హెన్నిగ్, ఆయన సహచరులు ప్రకటించిరి. పిత్తనాళములకు అయస్కాంత చిత్రణమును అన్వయించిన తొలి వ్యాసమును జర్మనీకే చెందిన వాల్నర్ బృందము 1991లో ‘రేడియాలజీ’ పత్రికలో వెలువరించెను. ఆ దశాబ్ది ముగియులోపుననే ఈ పరీక్ష ప్రపంచమంతట వ్యాపించెను.

ఇక పరీక్షకు పోవువారు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు. నాలుగు మొదలు ఆరు గంటలు ఆహారము మానవలెను. కడుపులోను ప్రేగులలోను ద్రవమున్నచో అదియు తెల్లగ వెలిగి నాళములను కప్పివేయును, తిన్నచో పిత్తాశయము ముడుచుకొనును. కొన్నిచోట్ల పరీక్షకు ముందు అనాసపండు రసమును త్రాగింతురు. అందలి మాంగనీసు కడుపులోని ద్రవపు వెలుగును అణచివేయునని కనుగొనబడినది. ఇంత ఖరీదైన యంత్రమునకు బండిమీద అమ్ము పండు సహాయపడుట నాకు ముచ్చటగొల్పు సంగతి. లోహమేదియు వెంట రాకూడదు. జరీ వ్యాపారమునకు ప్రసిద్ధికెక్కిన సూరతులో జరీచీర విప్పి ఆసుపత్రి అంగీ తొడుగుకొనుమనుట వింతగ తోచవచ్చునుగాని, లోహపు పోగులు వేడెక్కి చర్మమును కాల్చగలవు. గుండెకు పేస్‌మేకరు అమర్చబడినవారును, మెదడులో క్లిప్పులు, చెవిలో వినికిడి యంత్రము అమర్చబడినవారును ముందే చెప్పవలెను. సాంచెలను మరమ్మతు చేయువారు, ఇనుము సానపట్టువారు తమ కంటిలో ఎన్నడైనను ఇనుపరజను పడియుండెనేమో జ్ఞాపకము చేసికొని చెప్పుట మరింత అవసరము. అనుమానమున్నచో ముందుగ కంటికి ఎక్స్-రే తీయుదురు. గర్భిణులలో రాళ్ల బెడద తరచు గనుకను, ఇందు ఎక్స్-రే లేదు గనుకను, వారికి ఈ పరీక్ష ఎంతయు ఉపకారము.

లోపల పరుండవలసినది ఇంచుమించు అరగంట. యంత్రము టకటకయని పెద్దగ మ్రోగును, చెవులకు మూతలిత్తురు. దినమంతయు సాంచెల హోరులో నిలుచువానికి ఇది లెక్కలోనిది గాదని నా యనుమానము. అంతకంటె ముఖ్యమైనది ఊపిరి. కాలేయము ఊపిరితో పాటు పైకి క్రిందికి కదలుచుండును గనుక, ఊపిరి బిగబట్టినప్పుడు కొన్ని చిత్రములను, ఊపిరి లయను కనిపెట్టి కొన్నిటిని తీయుదురు. సూరతులో టెక్నీషియను “శ్వాస్ లో… శ్వాస్ రోకో…” (ఊపిరి పీల్చుము, ఊపిరి బిగబట్టుము) అని చెప్పును. ఆ మాట ఎరుగని వృద్ధురాలు లోపల బెదరి గట్టిగ ఊపిరి పీల్చిన యెడల, చెడునది ఆ చిత్రమే. తెలుగు తప్ప మరియొక భాష రాని తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పోవువారు, గదిలోనికి పంపుటకు ముందే ఆ రెండు మాటలను నేర్పి రెండు మూడు సారులు అభ్యాసము చేయించుట మంచిది.

ఈ పరీక్ష సర్వజ్ఞమని మాత్రము భ్రమింపరాదు. సామాన్య నాళములోని రాళ్లను కనుగొనుటలో దీని సామర్థ్యమును 2015లో కోక్రేన్ సంస్థవారు పూర్వపరిశోధనలనన్నిటిని జతపరచి తూచిరి: రాయి యున్నవారిలో నూటికి 93 మందిని ఇది పట్టుకొనును, రాయి లేనివారిలో నూటికి 96 మందికి లేదని సరిగ చెప్పును. గొట్టపు కొనకు అల్ట్రాసౌండు యంత్రమును తగిలించి లోపలినుండి చూచు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు దీనికంటె ఒక పిసరు మేలు. 5 మిల్లీమీటర్లకు లోబడిన రాళ్లును, ద్వారము దగ్గర చిక్కుకొన్నవియు ఎం.ఆర్.సి.పి. కన్ను కప్పుట కద్దు. నాళములో గాలిబుడగ రాయివలె నటించును. పిత్తనాళమునకు అడ్డముగ పోవు ధమని ఒత్తిన చోట నాళము ఇరుకైనట్లు తోచును. పూర్వపు శస్త్రచికిత్సలో వేసిన లోహపు క్లిప్పులు తమచుట్టు చిత్రమును చెరచును. అన్నిటికంటె గమనింపదగినది వేరొకటి. రోగి చేతికిచ్చు ఫిల్ముపై సుందరముగ కనబడు సమగ్ర నాళవృక్షము కంప్యూటరు పలుచని పొరలనన్నిటిని కలిపి పేర్చిన బొమ్మ. అందు ప్రతి గీటుమీద మిక్కిలి వెలుగుగల బిందువునే నిలుపుదురు గనుక, చుట్టునున్న పిత్తపు తెలుపులో చిన్న రాయి మాయమై పోవును. నిపుణుడైన రేడియాలజిస్టు ఆ బొమ్మకు మురిసిపోక, పలుచని పొరలను ఒక్కొక్కటిగ పరిశీలించి గాని తీర్పు చెప్పడు.

మరి ఎవరికి ఈ పరీక్ష వలయును? కామెర్లు వచ్చిన ప్రతివానికిని వలదు. రక్తపరీక్షయు, సామాన్యమైన అల్ట్రాసౌండును ముందు జరుగవలెను. అవి సులభములు, చౌక. అల్ట్రాసౌండు పిత్తాశయములోని రాళ్లను చక్కగ చూపును. నాళపు క్రిందిభాగమును ప్రేగులలోని గాలి కప్పుటచేత అక్కడి రాళ్లను తరచు చూపజాలదు. నాళము వెడల్పైనది, కారణము కనబడలేదు. రక్తపరీక్ష నాళము మూసికొన్నదనుచున్నది, అల్ట్రాసౌండు తేల్చలేదు. పిత్తాశయమును తొలగింపబోవుచున్నారు, నాళములోను రాయి యున్నదేమో యని సందేహము. పుట్టుకతోనే నాళము తిత్తివలె ఉబ్బిన బిడ్డ. ఇట్టి చోట్ల ఇది అమూల్యము. వణుకు జ్వరముతో నాళములో చీము పట్టిన రోగికి అల్ట్రాసౌండులోనే రాయి స్పష్టముగ కనబడినపుడు మాత్రము, ఎం.ఆర్.సి.పి. కొరకు దినములు గడుపక నేరుగ ఇ.ఆర్.సి.పి.కి పోవుటయే ధర్మము. కొందరు రోగులు పెద్ద పరీక్ష చేయించినగాని వైద్యము జరిగినట్లు భావింపరు. కొందరు వైద్యులును ఆ భావమును ఖండింపరు. రెండును మానదగినవే.

అయస్కాంతము చూపును గాని తీయదు. దారి తెరచువాడు ఎండోస్కోపీ నిపుణుడే. ఈ విద్యలో తెలుగునేలకు లోకఖ్యాతి తెచ్చినవారు డాక్టరు డి. నాగేశ్వర రెడ్డి గారు. విశాఖపట్టణమున జన్మించి, కర్నూలు వైద్యకళాశాలలో చదివి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన ఆయనకు 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ లభించినవి. దేశవిదేశములనుండి వైద్యులు అక్కడికి ఇ.ఆర్.సి.పి. నేర్చుకొనుటకు వత్తురు. సూరతునుండి తెలుగు రోగి హైదరాబాదునకు పోవలెననుకొనుటలో కొంత గర్వమును, భాష తెలిసినచోట వైద్యమను నెమ్మదియు ఉండుట సహజమే. కాని జ్వరముతో వణకుచున్న రోగిని పగలు రాత్రి సాగు ప్రయాణమునకు ఎక్కించుట ప్రమాదము. మజూరాగేటు వద్ద న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలకసంస్థవారి స్మిమేర్ ఆసుపత్రి ఉన్న ఊరిలో ముందు అక్కడ చూపించుకొని, వైద్యుడు ప్రయాణమునకు సమ్మతించిన పిమ్మటనే బండెక్కవలెను. 2018లో ప్రారంభమైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కార్డు, పథకములో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రమున నున్నను పనికివచ్చును; కాని అది ఆసుపత్రిలో చేరి పొందు చికిత్సకే, బయట విడిగ చేయించుకొను స్కానింగునకు వర్తింపదు. ఈ భేదము తెలియక కార్డు చేతబట్టుకొని స్కానింగు కేంద్రమునకు పోయి నిరాశపడువారు కలరు.

సూరతులో ఎం.ఆర్.సి.పి. చేయించుకొని స్వస్థలమునకు పోవువారు ఫిల్ముతో తృప్తిపడక, చిత్రములన్నియు ఉన్న సి.డి.ని కూడ అడిగి తీసికొని పోవుదురుగాక; ఫిల్ముపై దాగిన రాయిని వరంగల్లులోని వైద్యుడైనను, హైదరాబాదులోని వైద్యుడైనను ఆ పలుచని పొరలను తెరచి చూడవచ్చును, పరీక్షను మరల చేయించు ఖర్చును తప్పవచ్చును.